కట్టె నీళ్లు తాగుతది: గిటార్ మరమ్మతుపై పాఠకుల ప్రశ్నలు

మా నాయన నల్లగొండ చుట్టుపక్కల ఊళ్లకు ఎడ్లబండ్లు, నాగళ్లు, దర్వాజలు చేసిన వడ్రంగి. ఆయన రందా, ఆయన ఉలులతోనే నేను ఇంటి వెనక వసారాలో గిటార్లు బాగుచేస్తాను. ఏడాదికి రెండో మూడో కొత్తవి కూడా చేస్తాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎండ తెచ్చిన తంటాలే, అందుకని వాటికే ఎక్కువ చోటిచ్చాను. ఒక మాట ముందే చెబుతాను. ఫ్రెట్లను నేను మెట్లు అంటాను. వీణకూ కిన్నెరకూ మనవాళ్లు వాడే మాట అదే.

ప్రశ్న: పెళ్లికి నాగార్జునసాగర్ వెళ్లినప్పుడు మా అబ్బాయి గిటార్ మధ్యాహ్నమంతా కారులోనే ఉండిపోయింది. ఇంటికొచ్చి చూస్తే తీగలు కట్టే బ్రిడ్జి వెనకవైపు లేచి ఉంది. రెండు స్క్రూలు వేసి బిగిస్తామని తెలిసినవాళ్లు అంటున్నారు. వేయించమంటారా? (ఒక ఉపాధ్యాయుడు, దేవరకొండ)

జవాబు: వేయించొద్దు సార్. ముందు ఆరు తీగలూ పూర్తిగా వదులు చేయండి, ఈ జవాబు మిగతాది తర్వాత చదవొచ్చు. మామూలు స్టీలు తీగలు ఆరూ కలిసి ఆ చిన్న చెక్కను సుమారు 70 కిలోల బలంతో లాగుతుంటాయి. పాతిక కిలోల బియ్యం సంచులు మూడింటిని దానికి వేలాడదీశామనుకోండి, ఇంచుమించు అంత. ఆ బరువును మోసేది జిగురు ఒక్కటే. మన ఎండలో అద్దాలు మూసిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటుతుంది. చాలా రకాల కట్టె జిగుర్లు ఆ వేడికి మెత్తబడతాయి. తీగలు ముందుకు లాగుతుంటే వెనక అంచు లేస్తుంది. గిటార్ చేసినవాళ్ల తప్పు ఇందులో లేదు.

స్క్రూలు ఎందుకు వద్దంటే, బ్రిడ్జి కింద ఉన్న పై పలక మందం 3 మిల్లీమీటర్లకు మించదు. స్క్రూ పట్టుకోవడానికి అందులో కట్టె ఏదీ? కొన్నాళ్లు పట్టినట్టే ఉండి, తర్వాత నార వెంట పలక చీలుతుంది. అప్పుడు చేయాల్సిన పని పదింతలు.

లేచిన సందులో ఒక కాగితం దూర్చి చూడండి. అంచు దగ్గరే ఆగితే కంగారు లేదు, తీగలు వదులుగా ఉంచి తీరిగ్గా చేయించుకోవచ్చు. సగం దాకా పోతే మాత్రం బ్రిడ్జిని పూర్తిగా తీసి మళ్లీ అతకాల్సిందే. సందులోకి కొత్త జిగురు పిండి బిగిస్తే నిలవదు. జిగురు కట్టెను పట్టుకుంటుంది, ఎండిపోయిన పాత జిగురును పట్టుకోదు.

తీయడానికి నేను వాడేది పాత ఇస్త్రీపెట్టె. ముందు బ్రిడ్జి మీద తీగలు ఆనే సాడిల్ పట్టీ తీసేస్తాను, ప్లాస్టిక్‌దైతే వేడికి కరిగిపోతుంది. దళసరి అట్టను బ్రిడ్జి ఆకారంలో మధ్యలో కత్తిరించి, దానికి వంటింటి అల్యూమినియం రేకు చుట్టి పలక మీద పరుస్తాను. ఇస్త్రీపెట్టెను బ్రిడ్జి మీద అయిదారు నిమిషాలు ఆనించాక, పెయింటర్లు లప్పం పెట్టే పల్చటి రేకును సందులోకి మెల్లగా తోస్తాను. దాని మూలలు ముందే గుండ్రంగా అరగదీసి ఉంచుకోవాలి. చేతికి అడ్డం తగిలితే ఆగి మళ్లీ వేడి చేయాలి. ఆ అడ్డం మీద బలం పెడితే పలక నార లేచి బ్రిడ్జితో పాటు వస్తుంది. ఊడిన తర్వాత రెండువైపులా పాత జిగురు గీకి అసలు కట్టె కనిపించేలా చేయాలి. చాలా గిటార్లకు బ్రిడ్జి అంచుల కింద కొంత మేర వార్నిషు ఉంటుంది, దాన్నీ గీకేయాలి. పై పలక చదునుగా ఉండదు, కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. పలక మీద ఉప్పు కాగితం పరిచి, దాని మీద బ్రిడ్జి అడుగు భాగాన్ని రుద్దితే రెండూ ఒకదానికొకటి కుదురుతాయి.

ఇక జిగురు. 1998లో ఒక చర్చి గిటార్‌కు ఇదే రోగం వస్తే నేను రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీతో అతికించాను. కింద వార్నిషు గీకలేదు. నాలుగు నెలలు నిలిచింది. ఊడిన రోజు పలక నారను కూడా పీక్కుని వచ్చింది. పిల్లలు ప్రతి ఆదివారం వాయించే గిటార్ అది. పై పలక మొత్తం మార్చి ఇవ్వడానికి నాకు రెండు నెలలు పట్టింది, ఆ రెండు నెలలూ ఆ పిల్లలు గిటార్ లేకుండానే పాడారు. అప్పట్నుంచి బ్రిడ్జికి ఎపాక్సీ ముట్టలేదు. తలుపులకు వాడే తెల్ల జిగురు కూడా వద్దు, బరువు కింద అది ఏళ్ల తరబడి మెల్లగా జారుతుంది. పసుపు రంగులో ఉండే కట్టె జిగురు మంచిది. అంతకంటే మంచిది పశువుల తోలు ఉడకబెట్టి తీసే పాతకాలపు జిగురు. మా నాయన దాన్ని సరేసు అనేవాడు. పలుకులను రాత్రి నీళ్లలో నానేసి, పొద్దున గిన్నెలో గిన్నె పెట్టి 60 డిగ్రీల దగ్గర కరిగించాలి. ఎండితే గాజులా గట్టిపడుతుంది, జారదు. తర్వాత ఎవరైనా విప్పాలనుకుంటే వేడి, తడి తగిలిస్తే విడిచిపెడుతుంది. దానితో వచ్చే చిక్కల్లా తొందరగా చల్లబడి గడ్డకట్టడం. మన మే నెలలో కట్టె ముందే వేడెక్కి ఉంటుంది కాబట్టి ఆ పనికి ఎండే సాయం. ఏ జిగురైనా క్లాంపులు 24 గంటలు ఉంచండి, తీగలు ఇంకో రెండు రోజులు ఆగి బిగించండి. క్లాంపును పళ్లు బిగబట్టి తిప్పొద్దు, జిగురంతా పక్కకు కారిపోయి అతుకు ఎండిపోతుంది.

ప్రశ్న: వానాకాలంలో తీగలు ఎత్తుగా అయి వేళ్లు నొప్పి పుడతాయి. ఎండాకాలంలో తీగలు మెట్లకు తగిలి బర్రుమంటాయి. వీడియో చూసి మెడలో ఉన్న రాడ్‌ను రెండు చుట్లు బిగించాను. ఇప్పుడు మొదటి రెండు మెట్ల దగ్గర కూడా బర్రుమంటోంది. గిటార్ పాడైపోయిందా? (ఒక పాఠకుడు, మిర్యాలగూడ)

జవాబు: పాడవలేదు తమ్ముడూ, కానీ ఇంకో చుట్టు తిప్పితే పాడయ్యేది. రాడ్ పని మెడ వంపును సరిచేయడం ఒక్కటే. మెడ గట్టిగా ఉండాలని స్టీలు బద్దలు పెట్టడం ఎప్పటినుంచో ఉంది. బిగించి వదులు చేసే రాడ్‌కు మాత్రం గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ 1923లో పేటెంట్ పొందాడు. తీగలు మెడను ముందుకు వంచుతాయి, రాడ్ వెనక్కి లాగుతుంది. మీరు రెండు చుట్లు బిగించేసరికి మెడ వెనక్కి వంగింది. అందుకే నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) పక్క మెట్ల దగ్గర మోత.

తిప్పిన దారినే వెనక్కి రండి, ఒక్కసారి పావు చుట్టు మాత్రమే. పావు చుట్టు తిప్పి, తీగలు శ్రుతి చేసి, రాత్రంతా వదిలేసి పొద్దున చూడండి. ఎలా చూడాలంటే, లావు తీగను మొదటి మెట్టు దగ్గరా పద్నాలుగో మెట్టు దగ్గరా నొక్కి పట్టుకోండి. ఆరో ఏడో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య 0.2 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే చాలు. మామూలు విజిటింగ్ కార్డు బిగుతుగా దూరేటంత. ఖాళీ అసలు లేకపోతే ఇంకో పావు చుట్టు వదులు చేయండి.

అసలు మీ గిటార్ రోగం రాడ్‌ది కాదు, గాలిది. మా నాయన ఒక్క మాట చాలాసార్లు అనేవాడు: "కట్టె కోసినంత మాత్రాన సచ్చిపోలేదురా. నీళ్లు తాగుతది, ఇడుస్తది." వానాకాలంలో పై పలక గాలిలో తేమ తాగి ఉబ్బుతుంది. బ్రిడ్జి దానితో పాటు పైకి లేస్తుంది, తీగలు ఎత్తవుతాయి. ఎండాకాలంలో పలక ఎండి కుంగుతుంది, తీగలు కిందికి దిగి మెట్లకు తగులుతాయి. ఆ రోజుల్లో మెడ అంచు వెంట వేలు పోనివ్వండి. మెట్ల కొసలు ముళ్లలా గుచ్చుకుంటే మెట్ల పలక ఎండి సన్నబడిందని అర్థం. కట్టె ముడుచుకుంది, లోహం ముడుచుకోలేదు. ఆ కొసలను ఆకురాయితో అరగదీయడానికి తొందరపడకండి, వానలు పడితే చాలావరకు అవే లోపలికి పోతాయి.

గిటార్ కోరుకునేది 45 నుంచి 55 శాతం తేమ. మా వసారాలో మే మధ్యాహ్నం మీటరు 20 దగ్గరికి పడిపోతుంది, ఆగస్టులో 75 దాటుతుంది. కాబట్టి మీరు కొనాల్సింది తేమ కొలిచే చిన్న మీటరు. అది నిజం చెబుతోందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. సీసా మూతలో ఉప్పు పోసి, కొన్ని చుక్కల నీళ్లతో ముద్దగా తడిపి, మీటరుతో పాటు గాలి చొరని సంచిలో పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దునకు 75 చూపించాలి. 70 చూపిస్తే మీ మీటరు 5 తక్కువ చెబుతోందని గుర్తుపెట్టుకోండి. ఎండాకాలం గిటార్‌ను పెట్టెలోనే ఉంచి, బెజ్జాలు పెట్టిన సబ్బు డబ్బాలో తడిపి గట్టిగా పిండిన స్పాంజిని దాని పక్కన పెట్టండి. నీటి చుక్క కట్టె మీద పడకూడదు. వానాకాలంలో ఆ డబ్బా తీసేసి తేమ పీల్చే సిలికా జెల్ సంచులు పెట్టండి.

మన ఇళ్లలో ఎవరూ పట్టించుకోనిది ఇంకొకటుంది, నీళ్ల కూలర్. అది నడుస్తున్నంతసేపూ గది తడిగా ఉంటుంది, కరెంటు పోతే గంటలో మళ్లీ ఎండిపోతుంది. రోజుకు నాలుగుసార్లు ఇలా ఎగుడుదిగుడైతే కట్టెకు ఎండకంటే ఎక్కువ నష్టం. నేను చూసిన పగుళ్లలో చాలా వాటికి కారణం ఇదే. కూలర్ గదిలో గిటార్‌ను గోడకు వేలాడదీయకండి.

ప్రశ్న: మా అమ్మాయి గిటార్‌కు నైలాన్ తీగ తెగింది. షాపులో స్టీలు తీగలే ఉన్నాయి. అవి వేయొచ్చా? (ఒక తల్లి, సూర్యాపేట)

జవాబు: వేయకండమ్మా. నైలాన్ తీగలు లాగేది సుమారు 40 కిలోలు, స్టీలు తీగలు 70. ఆ పలక కింద ఉన్న పట్టీలను 40 కోసమే కట్టారు. ఒక వారం ఆలస్యమైనా నైలాన్‌వే తెప్పించుకోండి.

ప్రశ్న: ఇంటర్ చదువుతున్నాను. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు టేపుతో కొలుచుకుంటూ సొంతంగా మెట్ల పలక చేశాను. పై మెట్ల దగ్గరికి పోయేకొద్దీ శ్రుతి పెరిగిపోతోంది. లెక్క ఎక్కడ తప్పింది? (గద్వాల)

జవాబు: ఈ వయసులో మెట్ల పలక కోశావంటే నాకు చాలా సంతోషంగా ఉంది తమ్ముడూ. లెక్క చూద్దాం. నీ తీగ పొడవు 648 మిల్లీమీటర్లు అనుకుందాం, ఎక్కువమంది వాడే కొలత అది. 648ని 17.817తో భాగిస్తే 36.37. నట్ నుంచి మొదటి మెట్టు అంత దూరంలో. మిగిలిన 611.63ను మళ్లీ 17.817తో భాగిస్తే 34.33. కాబట్టి రెండో మెట్టు నట్ నుంచి 70.70 దగ్గర. ఇలాగే పోతే అయిదోది 162.55, ఏడోది 215.51, పన్నెండోది సరిగ్గా సగం, 324.

17.817 ఎక్కణ్నుంచి వచ్చిందంటే, పన్నెండు మెట్లు ఎక్కేసరికి స్వరం రెట్టింపు కంపనాలకు చేరాలి, ప్రతి మెట్టూ ఒకే నిష్పత్తిలో పెరగాలి. అంటే ఒక్కో మెట్టుకు 2 యొక్క పన్నెండో మూలం, 1.05946. పూర్వం 18తో భాగించేవాళ్లు. గెలీలియో తండ్రి విన్చెంజో గెలీలీ సంగీతకారుడు, ఆయన చెప్పిన నిష్పత్తి కూడా 18కి 17. ఆ లెక్కన పన్నెండో మెట్టు 321.6 దగ్గరే ఆగుతుంది, రెండు మిల్లీమీటర్లకు పైగా తక్కువ. పాత పుస్తకంలో 18 కనిపిస్తే దాన్ని వాడొద్దు.

నీ ఉత్తరంలోనే ఒక తప్పు దొరికింది. మెట్టు నుంచి మెట్టుకు కొలిస్తే ప్రతిసారీ జరిగే పావు మిల్లీమీటరు తేడా పోగవుతూ పోతుంది. ప్రతి దూరాన్నీ నట్ నుంచే కొలవాలి, టేపు పక్కన పెట్టి స్టీలు స్కేలు వాడాలి. రెండోది, తీగను మెట్టు మీదకు నొక్కినప్పుడు అది కాస్త సాగి స్వరం పెరుగుతుంది. అందుకని సాడిల్‌ను లెక్కకంటే రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి పెడతారు, లావు తీగల వైపు ఇంకాస్త వెనక్కి. స్టీలు తీగల గిటార్లలో సాడిల్ ఏటవాలుగా ఉండేది ఇందుకే. పన్నెండో మెట్టు మీద తీగను నొక్కకుండా తాకి మీటు, తర్వాత నొక్కి మీటు. నొక్కినది పైకి పలికితే సాడిల్ వెనక్కి పోవాలి. గాడి దేనితో కోశావో రాయలేదు. హాక్సా బ్లేడు గాడి వెడల్పవుతుంది, మెట్టు వదులుగా కూర్చుంటుంది. 0.6 మిల్లీమీటర్ల గాడి కోసే రంపం కావాలి.

మన కిన్నెరలో మెట్లను మైనంతో అతికిస్తారు, వీణలోనూ అంతే. చెవికి తేడాగా వినిపిస్తే మైనం వేడిచేసి జరుపుకోవచ్చు. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ తెచ్చిన పన్నెండు మెట్ల కిన్నెర అలాంటిదే. ఆ వెసులుబాటు గిటార్‌కు లేదు. ఒక్కసారి కోసిన గాడి జరగదు. కొలతకు నేను ఒక రోజు, కోతకు ఒక గంట పెడతాను.

ప్రశ్న: తాతగారి పెంకుటిల్లు విప్పితే టేకు దూలాలు, ఒక జిట్రేగి దర్వాజ వచ్చాయి. ఆ కట్టెతో ఒక గిటార్ చేయించి ఇంట్లో పెట్టుకోవాలని ఉంది. పనికొస్తుందా? (జడ్చర్ల)

జవాబు: ఆ జిట్రేగిని ఎవరికీ అమ్మకండి. ప్రపంచం ఇండియన్ రోజ్‌వుడ్ అని పిలిచే కట్టె అదే. బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమయ్యాక 1969లో అమెరికాలోని మార్టిన్ కంపెనీ తన గిటార్ల వీపుకూ పక్కలకూ మన కట్టెకు మారింది. 2017 నుంచి ఆ జాతి చెట్లన్నీ అంతర్జాతీయ నియంత్రణలో ఉన్నాయి. అమ్రాబాద్ వైపు నుంచి కట్టె తెచ్చిపెడతామని ఎవరైనా అంటే దూరం పెట్టండి, అది పులుల అభయారణ్యం. మీ ఇంట్లో ఎప్పుడో ఆరిపోయి ఉన్న కట్టె అంతకంటే వెయ్యి రెట్లు మేలు.

కోత మిషనుకు తీసుకెళ్లే ముందు అయస్కాంతం పెట్టి అంగుళం అంగుళం మేకులు వెతకండి. లోపల విరిగిన మేకు ఒక్కటున్నా బ్లేడు పోతుంది, పక్కన నిలబడ్డ మనిషికీ ప్రమాదం. తర్వాత దర్వాజ కమ్మీ కొసను రందాతో నున్నగా చేసి వలయాల గీతలు చూడండి. పలకను కోశాక కొసలో ఆ గీతలు నిలువుగా నిలబడి ఉండాలి. వలయాల వెంట కట్టె ముడుచుకునేది, వాటికి అడ్డంగా ముడుచుకునేదానికి దాదాపు రెట్టింపు. గీతలు పడుకుని ఉన్న పలక మన ఎండకు గిన్నెలా వంగుతుంది. దర్వాజ కమ్మీ వెడల్పు చాలదు, కాబట్టి వీపును రెండు మూడు ముక్కలుగా అతకాలి. అది లోపమేమీ కాదు. వీపు రెండున్నర మిల్లీమీటర్లు, పక్కలు రెండు. పక్కలను తడిపి, కాలిన ఇనుప గొట్టం మీద మెల్లగా వంచుతాం. నీటి చుక్క వేస్తే నిలవకుండా ఎగిరిపోయేంత వేడి ఉండాలి. జిట్రేగి ఆ వేడికి చెప్పిన మాట వింటుంది.

టేకు మెడకు పనికొస్తుంది, ఆరిన టేకు వంకర పోదు. దానిలో నూనె ఉంటుంది కాబట్టి అతికే ముందు థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆరగానే జిగురు పెట్టాలి. ఉలి తొందరగా మొద్దుబారుతుంది, రెండుసార్లు పదును పెట్టుకోవాలి. మెట్ల పలకకు మీ దగ్గర పాత బండి ఇరుసో చక్రమో ఉందేమో చూడండి. మా నాయన మిగిల్చిన నల్లతుమ్మ ముక్కతో ఏడేళ్ల కింద ఒక మెట్ల పలక చేశాను. రోజూ వాయిస్తున్నారు, తీగల కింద గీత కూడా పడలేదు.

పై పలకకు మాత్రం మీ తాతగారి కట్టె వాడొద్దు. అక్కడ తేలికా, బిగువూ రెండూ కలిసి కావాలి. టేకు బరువు, జిట్రేగి ఇంకా బరువు. చలిదేశాల స్ప్రూస్ అనే కట్టె కొనాల్సిందే. స్పెయిన్‌లో ఆంటోనియో డి టోరెస్ 1862లో వీపు, పక్కలు అట్టతో, పై పలక మంచి స్ప్రూస్‌తో ఒక గిటార్ చేశాడు, గొంతు ఇచ్చేది పై పలకేనని చూపించడానికి. అది ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. మీ గిటార్‌లో తాతగారి ఇల్లు వీపూ మెడా అవుతుంది. ఆయన దర్వాజ పట్టుకుని ఎన్నిసార్లు నిలబడి ఉంటాడో ఆ కట్టెను ఒళ్లో పెట్టుకుని మీరు వాయిస్తారు. ఆ పని నాకు అప్పగిస్తే మనసు పెట్టి చేస్తాను.

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం. గిటార్ పని నేర్చుకోవాలని ఉంది. ఇది ఆడపిల్ల చేసే పనా, దీనిలో తిండి దొరుకుతుందా అని నాన్న అడుగుతున్నారు. (వనపర్తి)

జవాబు: నాన్న అడిగినదాంట్లో రెండో ప్రశ్న న్యాయమైనది బిడ్డా, దానికి లెక్క చెబుతాను. తీగలు మార్చి ఎత్తు సరిచేస్తే నేను 600 తీసుకుంటాను. బ్రిడ్జి అతికిస్తే 1,500. మెట్లన్నీ మార్చితే 4,500, దానికి మూడు రోజులు పడుతుంది. నెలకు పదిహేను, ఇరవై గిటార్లు వస్తాయి. ఆ స్థితికి రావడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది, అప్పటిదాకా దర్వాజలూ చేశాను. నువ్వు చదువు మానొద్దు. మొదటి ప్రశ్నకు జవాబు నీ చేతులే చెబుతాయి. ఇది అర మిల్లీమీటరు దగ్గర ఆగడం తెలిసిన చేతుల పని.

ఇప్పుడే సామాను కొనకు. ఒక సన్నని ఉలి, ఒక పదునురాయి, చిన్న ఆకురాళ్లు మూడు, స్టీలు స్కేలు, తేమ మీటరు, అంతే. నెల రోజులు ఉలి పదును పెట్టడమే నేర్చుకో. మోచేతి దగ్గర వెంట్రుకలు గొరిగేంత పదును వచ్చాక ఎముక ముక్కతో నట్ చేయడం మొదలుపెట్టు. నాలుగైదు పాడవుతాయి, ఎముకకు పెద్ద ఖరీదు లేదు. పత్రికకు ఉత్తరం రాసి, ఒక ఆదివారం నాన్నతో కలిసి రా. మీ కాలేజీలో మూలన పడేసిన గిటార్ ఏదైనా ఉంటే అడిగి తీసుకురా. మెడ వంకర పోయినదైతే మరీ మంచిది.